అప్‌డేట్: మోస్కోనీ కప్ బ్రేక్ గణాంకాలు ఎలా లెక్కించాలన్న నా ప్రశ్న

యూరప్, అమెరికా జట్లు 1994 నుంచి ఆడుతున్న మోస్కోనీ కప్ అనే నైన్‌బాల్ పూల్ (1 నుంచి 9 దాకా అంకెలున్న బంతులను బల్ల పాకెట్లలో వేసే ఆట) పోటీలో బ్రేక్ (పేర్చిన బంతులను చెదరగొట్టే తొలి షాట్) బాగా చేసిన జట్టే గెలుస్తోందా అని గతంలో అడిగాను. అప్పుడు నేను బ్రేక్‌లో బంతి పాకెట్‌లో పడిందా లేదా అన్న ఒక్క లెక్కే చూశాను. అది సరిపోదని మీరు చెప్పిన మాట నిజమే.

ఇప్పుడు ప్రతి బ్రేక్‌నూ మళ్లీ చూస్తూ, ఫౌల్ లేకుండా బంతి పడిందా, ఏ బంతీ పడకుండా అవకాశం ఎదుటివారికి వెళ్లిందా, తెల్లబంతే పాకెట్‌లో పడిందా అని విడివిడిగా రాసుకుంటున్నాను. అన్నిటికన్నా ముఖ్యంగా, బంతి పడ్డాక బల్లమీది అతి తక్కువ అంకె బంతి నేరుగా కనబడుతోందా అన్నది చూస్తున్నాను. ఎందుకంటే తెల్లబంతి ముందుగా తగలవలసింది దానికే; అది కనబడకపోతే ఆటగాడు పుష్ అవుట్‌కు (ఏ బంతికీ తగలకపోయినా ఫౌల్ కాని షాట్; తర్వాత ఎవరు ఆడాలో ఎదుటివారు ఎంచుకుంటారు) వెళ్లవలసి రావచ్చు, బంతి పడిన లాభమంతా అక్కడే కరిగిపోవచ్చు.

డబుల్స్‌ను మాత్రం వేరుగా ఉంచాను. భాగస్వాములు వంతులవారీగా ఒక్కో షాట్ కొడతారు కనుక, ఒకరి బ్రేక్ ఫలితాన్ని నిలబెట్టవలసింది మరొకరు.

మ్యాచ్‌కు ఒక పాయింట్ చొప్పున ముందుగా 11 పాయింట్లు చేరిన జట్టు గెలిచే పోటీలో గరిష్ఠంగా 21 మ్యాచ్‌లు, ముందుగా 5 ర్యాక్‌లు (బంతులు పేర్చి ఆడే ఒక్కో ఆట) గెలవవలసిన మ్యాచ్‌లో గరిష్ఠంగా 9 ర్యాక్‌లు; అంటే మొత్తం ర్యాక్‌లు 189కి మించవు. ఒక ఆటగాడికి 12 బ్రేక్‌లే వస్తే, ఒక్క బ్రేక్ ఫలితం తేడాతో అతని విజయ శాతం 8 పాయింట్లకు పైగా మారుతుంది. అందుకే ఒక్క ఏడాది అంకెలతో ఎవరినీ గొప్ప బ్రేకర్ అనడం నాకు అన్యాయమనిపిస్తోంది. పలు సంవత్సరాల ఆటలను కలిపి చూస్తున్నాను. అయితే 9వ బంతిని స్పాట్ (బల్లమీద బంతులు పేర్చే చోటి గుర్తు) మీద ఉంచి పేర్చిన ర్యాక్‌లను, పేర్చే తీరు వేరు కనుక, మిగతావాటితో కలపడం లేదు.