అప్‌డేట్: చీలమండ ఆపరేషన్ తర్వాత వేళ్ల రంగు మారడం గురించి
చీలమండ విరిగి ప్లేటు, స్క్రూలు వేశాక, కాలు కిందికి దించగానే వేళ్లు ముదురు ఎరుపుకు తిరగడం మామూలేనా అని ఇదివరకు అడిగాను. కట్టు విప్పి చూసిన డాక్టరు గారు, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టగానే రంగు సర్దుకుంటోంది కాబట్టి భయం లేదని, అయితే వేళ్లు చల్లబడి మొద్దుబారినా, పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పారు. కుట్లు తీసి, పిండికట్టు బదులు విప్పుకోగల బూటు ఇచ్చారు. అయినా 6 వారాలు నిండి, ఎక్స్‌రే చూసేదాకా ఆ పాదంపై బరువు మోపకూడదు. దిండ్లు పిక్క కింద పెట్టి మడమను గాలిలో వదిలేయడంతో అక్కడి ఒరిపిడి మంట తగ్గింది. వాకర్‌కు అలవాటు పడ్డాను గానీ, స్నానాల గది గడప మాత్రం ఇప్పటికీ పరీక్షే.