రిజా కాయాల్ప్ ఒలింపిక్స్‌లో లోపెజ్‌ను ఎందుకు దాటలేకపోయాడు?

గ్రీకో-రోమన్ కుస్తీ బాగా తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

టర్కీ హెవీవెయిట్ రిజా కాయాల్ప్ అంటే నాకు చాలా అభిమానం. యోజ్‌గాత్ నుంచి వచ్చి 5 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. యూరోపియన్ టైటిళ్లు 12, అంటే రష్యా కుస్తీ దిగ్గజం అలెగ్జాండర్ కరేలిన్‌తో సమానం! కానీ ఒలింపిక్స్‌లో మాత్రం 2012 లండన్‌లో కాంస్యం, 2016 రియోలో రజతం, టోక్యోలో మళ్లీ కాంస్యం. రియో ఫైనల్లోనూ, టోక్యో సెమీస్‌లోనూ అడ్డుపడింది క్యూబా మల్లయోధుడు మిహాయిన్ లోపెజే.

నాకు అంతుచిక్కనిది ఇదే. 2011 ఇస్తాంబుల్, 2015 లాస్ వేగాస్ ప్రపంచ పోటీల ఫైనల్స్‌లో ఇదే లోపెజ్‌ను కాయాల్ప్ ఓడించాడు కదా. మరి ఏడాది తిరక్కుండానే రియోలో 6-0తో ఎలా ఓడిపోయాడు?

గ్రీకో-రోమన్ పద్ధతిలో నడుము కింద పట్టుకోకూడదు, కాళ్లు వాడకూడదు. చొరవ చూపనివాణ్ణి రెఫరీ మ్యాట్ మీద కింద ఉంచుతాడు, పైవాడు నడుం చుట్టూ చేతులు బిగించి దొర్లించడానికి చూస్తాడు. 130 కిలోల మనిషి మ్యాట్‌కు అతుక్కుపోయినా లోపెజ్ ఎలా కదిలించేవాడు? చేతులు బిగించే చోటులో ఏమైనా కిటుకు ఉందా? కింద ఉన్నవాడు మోచేతులు, తుంటి ఎలా పెట్టాలి?

సాధన చేసినవాళ్లు, కోచ్‌లు చెబితే మరీ సంతోషం. ఆ నాలుగు బౌట్లలో ఏ నిమిషం దగ్గర ఏం గమనించాలో కూడా రాయండి, ప్లీజ్.