వైనతేయ మీద కాలువకు వంతెన ఉంది, అడయారు మీద ఎందుకు లేదు?

మందవెలి వాసి (ప్రశ్న):
చెన్నైలో స్థిరపడి ఇరవై రెండేళ్లయింది. రోజూ తిరుమయిలై స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు కింద నల్లగా నిలిచిన బకింగ్‌హామ్ కాలువనూ, ఆ నీటిలోనే దిగి నిలబడిన రైలు స్తంభాలనూ చూస్తూ ఉంటాను. మొన్న సంక్రాంతికి బంధువుల ఇంటికి కోనసీమలోని పి.గన్నవరం వెళ్లినప్పుడు అక్కడి పాత అక్విడెక్టును (నది మీదుగా కాలువను దాటించే వంతెనను) తీరికగా చూసే అవకాశం కలిగింది. కింద వైనతేయ గోదావరిలో ఎవరో వల విసురుతున్నారు; పక్కనే కట్టిన కొత్త అక్విడెక్టులో కాలువ నీరు నదితో సంబంధం లేనట్టు పైనుంచి దాటిపోతోంది. మన బకింగ్‌హామ్ కాలువ కూడా కూవం, అడయారు నదులను దాటుతుంది కదా, మరి ఇక్కడ అటువంటి కట్టడం ఒక్కటీ ఎందుకు కనబడదు? ఖర్చుకు వెనుకాడారా, లేక వేరే కారణం ఉందా? తెలిసినవారు వివరించగలరు.

విశ్రాంత ఇంజనీరు:
ఖర్చు కాదండీ, మట్టాల తేడాయే కారణం. గన్నవరం కాలువ సేద్యపు కాలువ. 1847–1852 మధ్య కట్టిన ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి మట్టాన్ని పెంచి, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాలోకి మళ్లించిన ఆ నీరు పొలాలకు తనంతట తాను పారాలంటే కాలువ నది కంటే ఎత్తులోనే నడవాలి. వైనతేయకు అవతల, వసిష్ఠకు ఇవతల ఉన్న నగరం లంక భూములకు అది చేరాలంటే నదిని దాటక తప్పదు. ఒకసారి నదిలోకి దిగిన అంత నీటిని మళ్లీ పొలం మట్టానికి ఎక్కించడం ఆ రోజుల్లో తేలిక కాదు. అందుకే కాటన్ దొర హయాంలో లెఫ్టినెంట్ హేగ్ 1851–52లో, ఒక్కొక్కటి 40 అడుగుల చొప్పున 49 ఆర్చీలతో నది మీదుగా కాలువనే నడిపించారు.

బకింగ్‌హామ్ కాలువ సంగతి వేరు. అది పడవల కోసం తవ్విన ఉప్పునీటి కాలువ. 1806 నాటికి ఎన్నూరు వరకు సాగిన కొక్రేన్ కాలువతో మొదలై, ఉత్తరాన పెదగంజాం దాకా, దక్షిణాన మరక్కాణం దాకా పెరిగింది. కూవానికీ అడయారుకూ మధ్య సుమారు 8 కిలోమీటర్ల ముక్కను 1877–78లో, ధాత కరువు నాటి కూలీలకు పని కల్పించేందుకు తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే కాలువకు నిలిచింది. మీరు రోజూ చూసేది ఆ ముక్కనే. ఆ కాలువ పొడవునా దాదాపు సముద్ర మట్టంలోనే సాగుతుంది, సముద్రంలో కలిసే చోట నదులూ అదే మట్టంలో ఉంటాయి. అటువంటప్పుడు వంతెన కట్టడమంటే పడవను మేడ ఎక్కించి మళ్లీ దించడమే. దాని బదులు పడవను నదిలోకే వదిలి, అవతలి గట్టున మళ్లీ కాలువలోకి తీసుకునేవారు. నది దాటే చోట్ల లాకులు (నీటిని ఆపే తలుపుల కట్టడాలు) పెట్టింది ఇందుకే: వరద రోజుల్లో నదిలోని ఒండ్రు కాలువలోకి రాకూడదు, సముద్రం పాటు మీద ఉన్నప్పుడు (నీరు వెనక్కి తీసే వేళ) కాలువ నీరు జారిపోయి పడవ అడుగు నేలకు ఆనకూడదు.

రాజోలు నుంచి పెరంబూరుకు:
ఇంజనీరు గారు చెప్పిన దానికి మా ఊరివాడిగా ఒక మాట చేరుస్తాను. మీరు చూసిన కొత్త అక్విడెక్టు 2000లో వచ్చింది. దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు వరిచేలకు నీరు మోసే కట్టడానికి పెట్టడం నాకెంతో నచ్చింది. మా ముత్తాత గారు సరుగుడు కట్టెల పడవ మీద మద్రాసు వచ్చేవారని ఇంట్లో చెప్పుకుంటారు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారట, లేకపోతే పడవకు తాడు కట్టి గట్టు మీద నడుస్తూ లాగేవారట. ఆయన భుజం మీద ఆ తాడు ఒరుసుకుపోయిన కాయ చివరి దాకా ఉండేదని మా నాయనమ్మ చెప్పేది.

మందవెలి వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. కొట్టూరుపురం దగ్గర, అడయారులో కాలువ కలిసే చోట చెత్త ఒక పూట నది వైపు, మరొక పూట కాలువ లోపలికి కొట్టుకుపోవడం గమనించాను. అసలు ఈ కాలువ ఏ వైపు పారుతుంది?

విశ్రాంత ఇంజనీరు:
పారదండీ. గన్నవరం కాలువకు వాలు ఇచ్చి తవ్వారు, దీనికి వాలే లేదు. నది దగ్గర మీరు చూసింది పోటు, పాటుల ఫలితం. పోటు మీద సముద్రపు నీరు అడయారులోకి ఎక్కి కాలువలోకి తోసుకువస్తుంది, పాటు మీద వెనక్కి పోతుంది. నది ముఖద్వారాన్ని ఇసుకమేట మూసివేసిన నెలల్లో ఆ కాస్త కదలిక కూడా ఉండదు. కాలువలో మిగిలేది పైనుంచి వచ్చి కలిసే మురుగే. ఈసారి పున్నమికో అమావాస్యకో వెళ్లి చూడండి, ఆ రోజుల్లో పోటు పెద్దది కాబట్టి ముఖద్వారం తెరిచి ఉంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది.