అర్ధరాత్రి దాటితే పైటెస్ట్ ఫెయిల్ అవుతోంది, ఏం చేయాలి?

తిరుపతిలో ఒక లాడ్జికి రూమ్ బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. టెస్టులన్నీ పైటెస్ట్‌లోనే (పైథాన్ కోడ్‌ని పరీక్షించే టూల్). పగలంతా పాసవుతాయి. అర్ధరాత్రి దాటాక కోడ్‌ని గిట్‌హబ్‌కి పుష్ చేస్తే (అప్పుడు టెస్టులు వాళ్ల మెషిన్‌లో నడుస్తాయి) మాత్రం ‘ఈరోజు చెకిన్’ టెస్టు ఒక్కటే ఎర్రగా వస్తుంది: 15వ తేదీ రావాల్సిన చోట 14. పొద్దున 5:30 దాటాక దానంతటదే బాగైపోతుంది! అక్కడి మెషిన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తుందని, మన టైమ్ 5:30 గంటలు ముందని అర్థమైంది. టెస్టు తీసేద్దామంటే కుదరదు, యాత్రికులు రైలు దిగి రాత్రి 2కి కూడా రూమ్ అడుగుతారు.

ఫ్రీజ్‌గన్ అనే పైథాన్ లైబ్రరీతో టెస్టులో టైమ్ ఆపాను. పైథాన్‌లో ఆగింది గానీ, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇప్పటి టైమ్ చెప్పే నౌ() ఇంకా అసలు టైమే ఇస్తోంది. తేదీని డేటాబేస్‌కి వదలకుండా కోడ్ నుంచే పంపాలా, లేక ఫిక్స్చర్‌తో (టెస్టుకు ముందు చేసే ఏర్పాటు) సర్దుకోవచ్చా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు కాస్త చెప్పండి.