అంగన్‌వాడీ ఉద్యోగం వదిలి సర్పంచ్‌గా పోటీ చేయాలంటే?

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో చిన్న పల్లె. పన్నెండేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌ని, ముగ్గురు పిల్లల తల్లిని. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులనే నిబంధనను మన రాష్ట్రం 2024లో తీసేసింది కాబట్టి ఆ చిక్కు లేదు. చిక్కంతా ఉద్యోగంతోనే.

ఎండాకాలం పిల్లలకు గుడ్లు ఉడకబెట్టే నీళ్ల కోసం కూడా మా ఆయమ్మ బిందె పట్టుకుని బోరు దగ్గర గంట కాచుకోవాలి. అది చూసి చూసే ఈ నిర్ణయానికొచ్చా.

నామినేషన్ వేసేలోపు రాజీనామా ఇస్తే చాలా? లేక పరిశీలన రోజుకి ఆమోదించినట్టు కాగితం కూడా చేతిలో ఉండాలా? ఓడిపోతే ఉద్యోగం తిరిగి రాదేమోనని భయం, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఇలా పోటీ చేసిన అక్కలెవరైనా ఉంటే, ఏ కాగితాలు అడిగారో దయచేసి చెప్పండి.