బెంగళూరులో గ్రే ఎలివేషన్ ఇల్లు: కట్టుకున్నవాళ్ళు మీ అనుభవం చెప్పండి

హెన్నూరు_4060

అందరికీ నమస్కారం. హెన్నూరు దగ్గర 40x60 సైటులో గ్రౌండ్ ప్లస్ టూ కడుతున్నాం. లోపల ప్లాస్టరింగ్ అయిపోయింది, బయట నడుస్తోంది. ఆర్కిటెక్ట్ ఇచ్చిన త్రీడీలో ఇల్లు మొత్తం గ్రే. ముందువైపు ముదురు, పక్కలకు లేత, బాల్కనీ కింద చెక్క రంగు. నాకూ మా ఆవిడకూ చూడగానే నచ్చింది.

పోయిన వారం అమ్మ అనంతపురం నుంచి వచ్చింది. గోడలు చూసి "రంగు ఎప్పుడు వేయిస్తావు నాయనా?" అంది. వేయబోయేది కూడా దాదాపు ఇదే రంగమ్మా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇంత ఖర్చు పెట్టి బూడిద రంగు ఎందుకురా?" అంది. అప్పటినుంచి నాకూ నిద్ర పట్టడం లేదు. ఇది జీవితంలో ఒక్కసారి చేసే పని.

గ్రే వేసుకుని రెండు మూడు వానాకాలాలు చూసినవాళ్ళు చెప్పండి. షేడ్ ఎలా ఎంచుకున్నారు? ఎండకు ఇల్లు వేడెక్కుతోందా? వానకు ఎలా ఉంటోంది? అన్నిటికంటే ముందు, మంచి ఇల్లులా కనిపించడానికి ఏం చేశారు?

జేపీనగర్_అక్క

తమ్ముడూ, ముందు ఒక మాట. మీ అమ్మగారు చూసింది తప్పు కాదు. మన ఊళ్ళలో డబ్బులు సరిపోక ప్లాస్టరింగ్ దగ్గర ఆగిపోయిన ఇళ్ళు ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. సున్నం పడితేనే ఇల్లు పూర్తయినట్టు. అందుకే చదునైన గోడ మీద ఒకటే గ్రే కొడితే మన కంటికి అది సిమెంటు గోడలాగే ఆనుతుంది. విదేశాల ఫోటోల్లో ఆ ఇల్లు బాగుంటుంది, ఎందుకంటే వాళ్ళ దగ్గర ఆగిపోయిన ఇల్లు అలా కనపడదు.

మా ఇల్లు కట్టి ఐదేళ్ళయింది. మేం చేసింది ఏంటంటే, గ్రేలో ఎక్కువ భాగం రంగుతో కాకుండా రాయితో తెచ్చాం. దేవనహళ్ళి వైపు దొరికే సాదరహళ్ళి గ్రానైట్ మీకు తెలిసే ఉంటుంది. బెంగళూరు పాత ఇళ్ళ కాంపౌండు పలకలు, రాతి కంబాలు చాలావరకు అదే. మెట్లు, గేటు స్తంభాలు, ముందు గోడ ఒకటి ఆ రాయితో చేయించాం. పాలిష్ వద్దన్నాం, మంటతో కాల్చి పైభాగం గరుకుగా చేసే ఫ్లేమ్డ్ ఫినిష్ తీసుకున్నాం. ఆ రాయి దగ్గరికెళ్ళి చూస్తే ఒక్క రంగు కాదు. తెలుపు, నలుపు, కొంచెం గులాబీ చుక్కలు కలిసి దూరం నుంచి గ్రేగా కనిపిస్తుంది. రంగు డబ్బాలో ఆ లోతు రాదు.

ఒక ఆదివారం బన్నేరుఘట్ట రోడ్డులో ఐఐఎం బయటినుంచైనా చూడండి. ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి డిజైన్. గరుకు రాతి గోడలు, కాంక్రీటు, వాటి మీదికి పాకిన తీగలు. రంగు అంతా గ్రేనే, అయినా వెలవెలబోయినట్టు ఉండదు. 1956లో పూర్తయిన విధానసౌధ కూడా ఇక్కడి గ్రానైట్‌తో కట్టిందే. అమ్మగారికి లేపాక్షి గుర్తు చేయండి. ఆ నంది, ఆ మండపం స్తంభాలు ఏ రంగు? అది బూడిద అని ఎవరూ అనరు కదా, రాయి అంటారు.

హెన్నూరు_4060

అక్కా, లేపాక్షి మాట నాకు తట్టనే లేదు. ఈరోజే ఫోన్‌లో చెబుతాను.

సైటు_మనిషి

నేను సివిల్ ఇంజనీర్‌ని, 18 ఏళ్ళుగా బెంగళూరులో ఇళ్ళు కట్టిస్తున్నాను. షేడ్ గురించి అందరూ మాట్లాడతారు. నీళ్ళ గురించి ఎవరూ అడగరు. గ్రే ఇల్లు పాడయ్యేది నీటి చారలతోనే. దయచేసి ప్లాస్టరింగ్ అయిపోకముందే ఇది చదవండి.

పిట్టగోడ పైభాగం మీద దుమ్ము పేరుకుంటుంది. మొదటి వానకు ఆ దుమ్మంతా నీళ్ళతో కలిసి బయటి గోడ మీదుగా దిగుతుంది. ఆ తడి ఆరకుండా ఉన్నచోట నాచు పట్టి నల్లబడుతుంది. లేత గ్రే మీద అవి కన్నీటి చారల్లా కనిపిస్తాయి. మంచి రంగు వేశాం, ఏడాదికే ఇలా అయింది అని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి రంగు తప్పు కాదు, పిట్టగోడ తప్పు. పైన గ్రానైట్ పలక వేయించండి. వాలు టెర్రస్ వైపుకి ఉండాలి, వీధి వైపుకి కాదు. పలక గోడకంటే రెండంగుళాలు బయటికి రావాలి. ఆ బయటికి వచ్చిన భాగం అడుగున ఒక గాడి కోయించాలి. డ్రిప్ మౌల్డ్ అంటే మేస్త్రీకి అర్థమవుతుంది. గాడి లేకపోతే నీళ్ళు పలక అడుగునుంచే పాకి మళ్ళీ గోడకు తగులుతాయి. సజ్జా అంచులకూ, కిటికీ కింది రాళ్ళకూ ఇదే పద్ధతి. ఇప్పుడొచ్చే డిజైన్లలో పెట్టెలా కనపడాలని సజ్జాలు తీసేస్తున్నారు. మే నెల వానలు ఈదురుగాలితో ఏటవాలుగా కొడతాయి, సజ్జా లేని కిటికీ మూలల నుంచి చార మొదలవుతుంది. ఆర్కిటెక్ట్‌తో గట్టిగా మాట్లాడి కనీసం పడమటి కిటికీలకైనా పెట్టించుకోండి.

రెండోది ఉప్పు. కొత్త ప్లాస్టరింగ్ గట్టిపడడానికి బోరు నీళ్ళతో తడుపుతూ క్యూరింగ్ చేస్తాం. ఆ నీళ్ళలోనూ ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలు తడి ఆరేటప్పుడు బయటికి వచ్చి తెల్లగా పూస్తాయి. తెల్ల గోడ మీద తెలియదు, ముదురు గ్రే మీద ముగ్గుపిండి చల్లినట్టు కనపడుతుంది. కనీసం 28 రోజులు ఆగండి, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. గోడ బాగా ఆరాకే ప్రైమర్. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తొందరపెట్టొద్దు. ముహూర్తానికి లోపల రంగులు చాలు, బయట తర్వాత వేసుకోవచ్చు.

మూడోది చిన్న విషయం. ముదురు గ్రే వేసే గోడలకు తెల్ల పుట్టీ మందంగా పెట్టించొద్దు. ఎక్కడైనా సైకిల్ హ్యాండిల్ తగిలి పెచ్చు లేస్తే లోపలి తెలుపు దూరం నుంచే కనపడుతుంది.

రామ్మూర్తినగర్_మేడ

పై పోస్టులో ప్రతి మాటా నిజం. మాకు మూడో ఏడు. పిట్టగోడ మీద పలక వేయించలేదు. ఉత్తరం గోడ నిండా నల్ల చారలు. ప్రెజర్ వాష్ చేయించి మళ్ళీ రంగు వేయించే పనిలో ఉన్నాం. ఇప్పుడు పలకలు కూడా వేయిస్తున్నాం, కానీ మళ్ళీ పరంజా కట్టాలి, ఆ ఖర్చు అదనం.

సర్జాపూర్_చిత్తూరు

షేడ్ విషయంలో మాకు జరిగింది చెబుతాను. షాపులో ట్యూబ్‌లైటు కింద చిన్న కార్డు చూసి మంచి గ్రే అని ఓకే చేశాం. మొత్తం ఇల్లు అయ్యాక చూస్తే ఉదయం నీలం, మబ్బు పట్టిన రోజు లావెండర్. పెయింటర్‌తో గొడవ పడ్డాం, పాపం అతని తప్పేమీ లేదు. తర్వాత తెలిసింది, గ్రే అనేది నలుపూ తెలుపూ మాత్రమే కాదు. అందులో నీలమో, ఆకుపచ్చో, పసుపో, ఎరుపో కొన్ని చుక్కలు కలుస్తాయి. చిన్న కార్డులో అది తెలియదు, పెద్ద గోడ మీద బయటపడుతుంది. పైగా ఉత్తరం గోడకు నేరుగా ఎండ తక్కువ, ఆకాశం వెలుతురే ఎక్కువ, అందుకే అక్కడ ఏ గ్రే అయినా ఒక పిసరు నీలంగానే తోస్తుంది.

రెండోసారి జాగ్రత్త పడ్డాం. మూడు శాంపిల్ డబ్బాలు తెచ్చి నాలుగడుగుల చదరం చొప్పున తూర్పు గోడ మీదా ఉత్తరం గోడ మీదా వేయించాం. పక్కన తెల్ల కాగితం అంటించి చూస్తే లోపల ఏ రంగు దాక్కుందో వెంటనే తెలుస్తుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఫోటోలు తీశాం. చివరికి కొంచెం మట్టి రంగు కలిసిన వెచ్చని గ్రే తీసుకున్నాం. బెంగళూరు ఎర్రమట్టి పక్కన, మంగళూరు పెంకుల పక్కన అదే ఇమిడింది. నీలం గ్రే ఎందుకో ఇక్కడ పరాయిగా కనిపించింది, ఇది నా అభిప్రాయం మాత్రమే.

ఎర్రమట్టి అన్నాను కాబట్టి ఇంకొకటి. వాన చినుకులకు మట్టి చింది కింద అడుగున్నర ఎత్తు దాకా గోడ ఎర్రబడుతుంది. అక్కడివరకు రాయి వేయించండి, కడిగేసుకోవచ్చు.

హెన్నూరు_4060

అన్నా, చాలా థాంక్స్. మా ముందు గోడ పడమర ముఖం. త్రీడీలో ముదురు గ్రే ఉన్నది సరిగ్గా అక్కడే. ఎండ సంగతి?

సైటు_మనిషి

పడమర అయితే ఆలోచించండి. షేడ్ కార్డు వెనక గానీ కంపెనీ వెబ్‌సైటులో గానీ ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఉంటుంది. 0 అంటే కాంతినంతా పీల్చేది, 100 అంటే అంతా తిప్పికొట్టేది. బొగ్గు రంగు లాంటి గ్రేలకు ఆ అంకె 10 చుట్టుపక్కల. లేత గ్రేలకు 50, 60 పైన. బెంగళూరు చల్లని ఊరే అనుకుంటాం కానీ 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు తాకింది. సాయంత్రం దాకా పీల్చిన వేడిని గోడ రాత్రి బెడ్‌రూములోకి వదులుతుంది. ముదురు రంగు ఎండకు వెలిసినా తేడా త్వరగా తెలుస్తుంది.

ముదురు తప్పనిసరి అనుకుంటే ఆ గోడకు రంగు బదులు డ్రై క్లాడింగ్ చేయించండి. స్టీలు క్లాంపుల మీద రాయి నిలబడుతుంది, గోడకూ రాయికీ మధ్య గాలి ఉంటుంది, వేడి నేరుగా లోపలికి దిగదు. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి ఇంచుమించు ఐదు కిలోలు తూగుతుంది. అంత బరువుని రెండో అంతస్తు ఎత్తులో ఉత్త గమ్‌తో అంటిస్తామంటే ఒప్పుకోవద్దు. కింద పిల్లలు ఆడుకుంటారు.

జేపీనగర్_అక్క

పడమటి గోడకు తీగ కూడా మంచి మార్గం. కర్టెన్ క్రీపర్ మా నర్సరీలోనే దొరికింది. బాల్కనీ అంచు నుంచి కిందికి వేలాడుతుంది, గోడను పట్టుకోదు కాబట్టి రంగు పాడవదు. గ్రే గోడ ముందు ఆ పచ్చదనం చూస్తే కళ్ళు చల్లబడతాయి. గేటు పక్కన ఒక దేవగన్నేరు వేశాం. తెల్ల పూలు ఆ రాయి మీద రాలితే ఊడ్చబుద్ధి కాదు. మొక్కలకు బోరు నీళ్ళు పట్టేటప్పుడు మాత్రం రాతి మీద చిందకుండా చూసుకోండి, తెల్ల మరకలు పడతాయి, అవి ఒక పట్టాన పోవు.

వేలచ్చేరి_నెల్లూరు

చెన్నై నుంచి. ఉప్పు గాలి తగిలే ఇళ్ళలో గ్రే గోడ ముందు నల్ల ఇనుప గ్రిల్, ఇనుప లౌవర్లు (వరుసగా బిగించే పట్టీలు) పెట్టొద్దు. తుప్పు నీళ్ళు దిగి లేత గ్రే మీద గోధుమ రంగు గీతలు పడ్డాయి మాకు. వాటి బదులు పౌడర్ కోటింగ్ చేసిన అల్యూమినియంవి పెట్టించుకున్నాక బాధ తప్పింది. మీకు బెంగళూరులో అంత ఇబ్బంది ఉండకపోవచ్చు. కిటికీ ఫ్రేములకు ఆర్‌ఏఎల్ 7016 అనే రంగు కోడ్ అడగండి, నలుపు కన్నా మెత్తగా ఉండే ముదురు గ్రే.

కుప్పం_కోడలు

లైట్ల గురించి ఎవరూ చెప్పలేదు. మాకు ముందు 6500 కెల్విన్ తెల్ల లైట్లు పెట్టారు. రాత్రి ఇల్లు ఆసుపత్రిలా ఉండేది. పసుపు ఛాయ ఉండే 3000 కెల్విన్‌కి మార్చి, రాతి గోడకు పైనుంచి కిందికి వెలుతురు పడేలా పెట్టించాం. అదే గోడ, అదే రంగు, ఇప్పుడు వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తారు.

సింహద్వారం మాత్రం టేకుదే పెట్టించుకోండి అన్నా. గ్రేకి చెక్క ఒక్కచోట నిజంది ఉంటే చాలు, మిగతా చోట్ల చెక్కలా కనిపించే హెచ్‌పీఎల్ లామినేట్ షీటు వేసినా గడిచిపోతుంది. మా అత్తగారు కూడా మొదట్లో ఈ రంగు ఇష్టపడలేదు. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకుల తోరణం కట్టిన రోజు వీధిలో నిలబడి చూశారు. పాత క్రీమ్ రంగు ఇంట్లో ఆ పసుపు, ఆ ఆకుపచ్చ గోడలో కలిసిపోయేవి. ఇక్కడ అవే ముందు కనిపిస్తున్నాయి అన్నారు. ఆ తర్వాత ఆవిడ రంగు గురించి మాట్లాడలేదు.

హెన్నూరు_4060

పది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను. ముందు పిట్టగోడ. మేస్త్రీని అడిగితే పలక వీధి వైపు వాలుతో వేద్దామనుకున్నాడట. మార్పించాను, గాడి కోయిస్తున్నాం. పడమటి గోడకు ముదురు రంగు మానేశాం. కింది అంతస్తు వరకు సాదరహళ్ళి రాయి క్లాంపుల మీద, పైన లేత గ్రే, ఎల్‌ఆర్‌వీ 58. ముదురుది లోపలికి వెళ్ళిన పోర్టికో గోడకు మాత్రమే, అక్కడ ఎండ పడదు. డిజైన్‌లో తీసేసిన సజ్జాలు రెండు మళ్ళీ వచ్చాయి, ఆర్కిటెక్ట్ మొదట ఒప్పుకోలేదు, వాన సంగతి చెప్పాక ఆయనే సన్నగా గీసి ఇచ్చాడు.

మూడు షేడ్లు గోడ మీద వేయించి అమ్మను మళ్ళీ రమ్మన్నాను. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని మూడింటి ముందూ నిలబడింది. నీలం కలిసినదాన్ని చూసి ఇది వద్దంది. మట్టి రంగు కలిసినదాని మీద చెయ్యి పెట్టి "ఇది మన ఊరి బండల రంగు" అంది. అదే ఖాయం చేశాం.

సర్జాపూర్_చిత్తూరు

సంతోషం. ఆ షేడ్ కోడ్, బ్యాచ్ నంబరు రాసి పెట్టుకోండి. డబ్బాలన్నీ ఒకేసారి కొనండి, రెండు లీటర్లు మిగిల్చి మూత బిగించి దాచండి. తర్వాత ఏసీ పైపు కోసం గోడకు రంధ్రం పెట్టినప్పుడు పనికొస్తుంది.

హెన్నూరు_4060

ఏసీ పైపులు అసలు గుర్తే లేవన్నా. రేపే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి బయటి ప్లాస్టరింగ్ అయిపోకముందే పెట్టిస్తాను.