ఆడవాళ్లు, నల్లజాతివాళ్లు హీరోలుగా ఉన్న పాత కుంగ్‌ఫూ సినిమాలు చెప్తారా?

మా అమ్మాయి కరాటే నేర్చుకుంటోంది. మొన్న ఇద్దరం 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్' చూశాం. బ్రూస్ లీ చెల్లెలిగా ఏంజెలా మావో కనిపించినంతసేపూ కళ్లార్పలేదు. అంతమందిని తన్నిన మనిషి చివరికి గాజుపెంకుతో పొడుచుకుని చనిపోయేసరికి "ఆమెనెందుకు చంపేశారు నాన్నా?" అంది. నల్లజాతి నటుడు జిమ్ కెల్లీ పాత్రనీ మధ్యలోనే చంపేశారు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత 1966లో కింగ్ హూ తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ' చూపించాను. సత్రంలో దొంగలు చుట్టుముట్టినా మగవేషంలో హీరోయిన్ చెంగ్ పే-పే బల్ల దగ్గర నిబ్బరంగా కూర్చునే తీరు దానికి తెగ నచ్చేసింది.

ఆ కాలంలోవే, ఆడవాళ్లో నల్లజాతివాళ్లో చివరిదాకా నిలబడి గెలిచేవి ఇంకేమున్నాయి? పదకొండేళ్ల పిల్లతో కూర్చుని చూడదగ్గవైతే మేలు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.